లిఫ్టు ఎక్కిన మొక్కు

జ్ఞాపకాలు రాయాలంటే కనీసం రెండు పళ్లయినా ఊడి ఉండాలని మా అమ్మ అభిప్రాయం. నాకింకా ముప్పై నిండలేదు, పళ్లన్నీ ఉన్నాయి, కాబట్టి ఈ రాత ఆమెకు తొందరపాటుగా కనిపిస్తోంది. కానీ మొన్న మా అవ్వ సంవత్సరీకం నాడు విన్న ముచ్చట్ల తర్వాత ఊరుకోబుద్ధి కాలేదు. మటన్ కూరతో కడుపునిండా తిని, చుట్టాలంతా పందిరి కింద కూర్చున్నారు. పోయినామె గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం ఆనవాయితీ. మా వాళ్లలో ఒక్కరూ ఆమె దయ గురించి గానీ, భక్తి గురించి గానీ ఎత్తలేదు. ఆమె తమను ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు పైకెత్తి దించిందో చెప్పుకున్నారు. మా మేనత్త భర్తను పెళ్లినాడు, నుదుటి మీద బాసికం ఉండగానే, నడుము పట్టుకొని నేల మీంచి లేపి, "పిలగాడు అలకగున్నడు, బరువే లేడు, జర పెట్టి పోషించాలె" అన్నదట. ఆయన ఇప్పుడు తాతయ్యాడు. ఆ మాట చెబుతుంటే ఇప్పటికీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మాది హాలియా దగ్గరి ఊరు. సాగర్ కాలువ పారే పచ్చటి వైపు కాదు, కాలువ నీళ్లు ఎక్కలేని రాళ్ల వైపు. అందుకే వరి కంటే గొర్లనే ఎక్కువ నమ్ముకున్నాం. గొర్రె బరువును మా ఇంట్లో ఎవరూ కాంటా పెట్టి చూసేవారు కాదు. నడుము మీద వేళ్లు నొక్కి కండ చూసి, పొట్ట కింద చేతులు వేసి ఒక్కసారి ఎత్తి దించితే అయిపోయేది. సాయంత్రం మంద ఇంటికి వచ్చే వేళ అవ్వ దొడ్డి తలుపు దగ్గర నిలబడేది. దుమ్ము, తడిసిన గొంగడి వాసన, తల్లుల కోసం గంపల కింద నుంచి అరిచే గొర్రెపిల్లలు, లోపల పెంక మీద మాడుతున్న జొన్నరొట్టె, వీటన్నిటి మధ్య అనుమానం వచ్చిన గొర్రెనల్లా ఎత్తి చూసేది. ఆ ఊపులో ఎదురొచ్చిన మనుషులను కూడా ఎత్తేది. ఆమె అంచనా ప్రతిసారీ సరిగ్గా ఉండేదనుకునేరు. చాలాసార్లు తప్పేది. తప్పినప్పుడు, "పొద్దున నీళ్లు బాగ తాగినట్టుంది" అని నేరం గొర్రె మీదికి నెట్టేది. మనుషుల విషయంలోనూ అదే సాకు.

కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో, బస్సుల మీద పాత అక్షరాలు చెరిపి కొత్తవి రాస్తున్న రోజుల్లో, నేను పదో తరగతి. ఆ వానాకాలం నాకు డెంగీ జ్వరం వచ్చింది. బాపు మందతో దూరం పోయి ఉన్నాడు. అమ్మ, అవ్వ నన్ను ఆటోలో వేసుకొని నల్లగొండలో ఒక దవాఖానకు తీసుకుపోయారు. పై అంతస్తుకు తీసుకుపొమ్మన్నారు. తోపుడు మంచం ఏదీ ఖాళీగా లేదట. అమ్మ చీటీ రాయించడానికి ఆగిపోతే, అవ్వ నన్ను రెండు చేతుల మీద ఎత్తుకొని లిఫ్టులోకి అడుగుపెట్టింది. లిఫ్టు ఎక్కడం ఆమెకు జీవితంలో అదే మొదటిసారి. నాకూ మొదటిసారే గానీ, నాకు తెలివి లేదు. నేను కళ్లు తెరిచేసరికి నా తలగడ పక్కన అవ్వ, ఆమె నోట ఒక వార్త సిద్ధంగా ఉన్నాయి. "సమ్మక్క తల్లికి మొక్కిన బిడ్డా. నువ్వు లేస్తె నీ నిలువెత్తు బంగారం ఇస్తనన్న."

మా దిక్కు ఆ తల్లికి ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటారు. మొక్కుకున్న మనిషిని తరాజులో ఒకవైపు కూర్చోబెట్టి, రెండో వైపు సరితూగేదాకా బెల్లం ముద్దలు పెట్టి, ఆ బెల్లాన్ని జాతరలో గద్దె దగ్గర సమర్పిస్తారు. జాతర రెండేళ్లకోసారి. మునుపటిది అప్పుడే అయిపోయింది కాబట్టి ఏడాదిన్నర ఆగాలి. ఆ ఏడాదిన్నరా జ్వరం నుంచి లేచిన పిల్లనని నన్ను కోడిగుడ్లు, తలకాయ పులుసు పెట్టి, మేకపాలు పోసి పెంచారు. మొక్కు ముదురుతున్న కొద్దీ నేనూ ముదిరాను. బాపు నా వైపు చూసినప్పుడల్లా బెల్లం దుకాణాన్ని చూసినట్టే చూసేవాడు.

అయితే నాకు వచ్చిన అసలు కష్టం వేరు. దవాఖాన నుంచి వచ్చింది మొదలు అవ్వ నన్ను రోజూ పొద్దున, సాయంత్రం ఎత్తి చూడసాగింది. గొర్లకైనా అనుమానం వస్తేనే ఎత్తేది, నాకు ఆ మినహాయింపు లేదు. నేను హాలియాలో ఇంటర్లో చేరాక బస్సు స్టేజీ దాకా వచ్చి, బస్సు ఆగాక, నలుగురి ముందు నా నడుం చుట్టూ చేతులు వేసి ఒక జానెడు పైకి లేపి దించేది. ఒక్క క్షణం కళ్లు మూసుకొని, "ఆఁ, పో" అనేది. బస్సులో పోరగాళ్లు నన్ను చూసి మేకలా అరిచేవాళ్లు. నేను ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను. అన్నం మానేస్తే అలకనైనానేమో అని ఇంకోసారి ఎత్తింది. ఎందుకు ఎత్తుతున్నావంటే మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఆ ఏడాది నాకు భౌతికశాస్త్రం పట్టుకుంది. జ్వరం కంటే గట్టిగా పట్టుకుంది. ఒకనాడు మా సారు లిఫ్టులో నిలబడ్డ మనిషి గురించి పాఠం చెప్పారు. భూమి మనల్ని లాగే లాగుడు ఎప్పుడూ అంతే ఉంటుంది. మనకు బరువుగా తెలిసేది మాత్రం కాళ్ల కింది నేల మనల్ని పైకి నెట్టే నెట్టుడు. లిఫ్టు పైకి వేగం అందుకునేటప్పుడు నేల గట్టిగా నెడుతుంది కాబట్టి బరువెక్కినట్టుంటుంది. ఒకే వేగంతో పోతుంటే మామూలే. పైన ఆగబోయే ముందు తేలిక. తీగ తెగి పడితే బరువే తెలియదు, కానీ ఆ సంగతి చెప్పుకోవడానికి మనిషి కూడా మిగలడు అన్నారు సారు. లిఫ్టు ఎవరైనా ఎక్కారా అని అడిగితే క్లాసు మొత్తంలో నేనొక్కదాన్నే చెయ్యెత్తాను. ఎట్లా అనిపించిందని అడిగారు. తెలివి లేదు సార్ అన్నాను. క్లాసు పది నిమిషాలు నవ్వింది.

ఆ తర్వాత నేను మనుషులను బతకనివ్వలేదు. కాలువ వంతెన మిట్ట మీదికి బస్సు ఎగిరి దిగినప్పుడు వెనుక సీటులో కూర్చొని, "ఇప్పుడు నాకు బరువు లేదు!" అని అరిచేదాన్ని. "బరువు లేకున్నా టికెటుండాలె" అనేవాడు కండక్టరు. అమ్మ బావిలోంచి బొక్కెన చేదుతుంటే, "మెల్లగా చేదమ్మా, గుంజితే బరువెక్కుతుంది" అని చెప్పి, అయితే నువ్వే చేదు అని తాడు చేతికిచ్చాక పాఠం ముగించేదాన్ని.

ఆ చలికాలం అవ్వకు కంట్లో పొర తీయించాల్సి వచ్చింది. అదే దవాఖాన, అదే లిఫ్టు. చేర్చుకునే ముందు నర్సు అవ్వను ముల్లు తిరిగే బరువు మిషన్ ఎక్కించి చూసింది. నలభై ఎనిమిది. ఆ మిషన్ను చూడగానే నా చేతులు ఊరుకోలేదు. "సిస్టర్, ఒక్క నిమిషం తీసుకుంటా" అన్నాను. ఆమె ఫోన్లో మాట్లాడుతూ తలూపింది. నాకు ఊపిందో, ఫోన్లో మనిషికి ఊపిందో నేను విచారించలేదు. మిషన్ను చంకలో పెట్టుకొని, అవ్వ చెయ్యి పట్టుకొని లిఫ్టులోకి పోయాను. లోపల స్టూలు మీద లిఫ్టు నడిపే పెద్దాయన కూర్చొని ఉన్నాడు. మిషన్ను కింద పెట్టి అవ్వను దాని మీదికి ఎక్కించాను.

లిఫ్టు పాతది. గట్టి కుదుపుతో లేచింది. ముల్లు యాభై మూడు మీదికి దూకి, మెల్లగా నలభై ఎనిమిదికి వచ్చి నిలిచింది. పై అంతస్తు రాబోతుండగా నలభై నాలుగుకు జారి, ఆగాక మళ్లీ నలభై ఎనిమిది. నేను గట్టిగా చదివి వినిపించాను.

"గీ మిషిన్‌కు పిచ్చి లేసింది బిడ్డా" అంది అవ్వ.

"పొద్దంత పైకి కిందికి తిరుగుత నేను. నా బరువైతే ఎన్నడు తక్కువ గాలె" అన్నాడు పెద్దాయన.

నేను పాఠం అందుకున్నాను. అవ్వ ఎప్పుడూ నా పాఠాలు వినేది కాదు. ఆ రోజు మాత్రం మిషన్ దిగి, మసక కంటితో నన్నే చూస్తూ విన్నది.

"అంటె, డబ్బ పైకి లేస్తె బరువైతరు. ఆగేటప్పుడు అలకనైతరు. గంతేనా?"

"గంతే అవ్వా."

"ఎవరైన?"

"ఎవరైనా. గొర్రైనా, బియ్యం మూటైనా."

అవ్వ స్టూలు వైపు తిరిగి, "ఓ అన్నా, డబ్బను కిందికి తీస్కపోయి మల్ల లేపు" అంది పెద్దాయనతో. ఇది ఆడుకునే జాగా కాదు, దవాఖాన అని ఆయన సణిగాడు గానీ తీసుకుపోయాడు. కింద తలుపు మూసుకోగానే అవ్వ నన్ను రెండు చేతుల మీదికి ఎత్తుకుంది. లిఫ్టు లేచింది. ఆమె చేతులు ఒక్కసారి కుంగడం నా వీపుకు తెలిసింది. పైదాకా దించలేదు. ఆగబోతుండగా ఆ చేతులు మళ్లీ తేలికగా లేచాయి. తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా నర్సు నిలబడి ఉంది. "రేపు కంటి ఆపరేషన్ పెట్టుకొని గీ బరువులెత్తుడేందమ్మా? పైంగ నా మిషినేది?" అని ఇద్దరినీ కలిపి కడిగేసింది. మా అవ్వ తిట్టు పడి ఊరుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆపరేషన్ భయం అనుకున్నాను.

కంటి మీద ఆకుపచ్చ గుడ్డతో ఇంటికి వచ్చాక, జాతర దగ్గర పడ్డాక, అవ్వ బాపును పిలిచి తీర్పు చెప్పింది. "మొక్కు నేను గా డబ్బల మొక్కిన. అప్పుడు నా చేతుల మీద ఎంత బరువుండెనో గంత బంగారం ఇయ్యాలె. నేల మీద తూస్తె దొంగ తూకమైతది."

బాపు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆపాడు. "ఓ యమ్మా, పోరి అప్పటికి ఇప్పటికి దొడ్డుగనే అయింది గద. ఎక్కువనే పోతాంది."

"ఎక్కువ తక్కువ కాదుర. డబ్బల మొక్కితె డబ్బ తూకమే. తల్లి ముందల తక్కువ తూగితె ఊకుంటదా? ఇచ్చిన పోరిని మల్ల అడుగుతది."

ఆ చివరి మాట ఆమె మెల్లగా అన్నది. దాంతో బాపు ముద్దను తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. వచ్చిపడ్డ చిక్కు మాత్రం మామూలుది కాదు. బెల్లం బస్తాలు నల్లగొండ దవాఖానకు మోయాలా? లిఫ్టులో తరాజు ఎక్కడ వేలాడదీయాలి? నర్సుకు ఏమని చెప్పాలి? "తలా ఓ ముద్ద పెడితె ఒప్పుకుంటరేమో అత్తమ్మా" అంది అమ్మ, సీరియస్‌గానే. ఇరుగుపొరుగు వచ్చి సలహాలు ఇచ్చారు. ఒకాయన ట్రాక్టరు ట్రాలీని జాకీతో లేపుతూ తూచమన్నాడు. ఇంత రచ్చకూ మూలం నేనేనని అందరికీ తెలుసు. బాపు నన్ను కోపంగా కూడా చూడలేదు, చదివించినందుకు తనను తానే తిట్టుకుంటున్నవాడిలా చూశాడు.

రెండు రోజులు తల గోక్కున్నాక నాకు తరాజు గుర్తొచ్చింది. అటకెక్కిన ఉన్ని తూచే తరాజును దింపి, ఒక పళ్లెంలో రాళ్లు, ఇంకో పళ్లెంలో ఉల్లిగడ్డలు సరిగ్గా తూచి పెట్టి, అవ్వ ముందు పట్టుకొని సర్రున పైకి లేపాను. తరాజు కాడ ఎటూ మొగ్గకుండా సమానంగానే ఉంది.

"చూడు. లేపితే ఉల్లిగడ్డ బరువైతది, రాయి గూడ గంతే బరువైతది. రెండు ఒక్కతీరుగనే. ఇంక ఎటు మొగ్గుతది?"

"మరి మిషిన్ల ముల్లెందుకు దుంకింది?"

"మిషిన్ నీ కాళ్ల కింద నొక్కుడు చూస్తదవ్వా. తరాజు ఇద్దర్ని ఎదురుబదురు పెట్టి చూస్తది. గా డబ్బల నేను బరువైతే బంగారం గూడ బరువైతది. అక్కడ తూచినా గంతే ముద్దలు, ఇక్కడ తూచినా గంతే ముద్దలు."

అవ్వ తరాజును తన చేతికి తీసుకొని లేపింది, దించింది, మళ్లీ లేపింది. కాడ వంగలేదు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. గెలిచిన ఉత్సాహంలో నేను తరాజు పట్టుకొని అరుగు మీద నుంచి దూకి, పడేటప్పుడు కూడా సమానమేనని చూపించబోయాను. చీలమండ మడత పడింది, ఉల్లిగడ్డలు దొడ్డిలోకి దొర్లాయి. నన్ను లేవనెత్తడానికి వచ్చిన అవ్వ, పనిలో పనిగా బరువు కూడా చూసుకుంది. "సరె. హాలియాలనే తూద్దాం" అని ఒప్పుకుంది.

ఇప్పుడు నేను జూనియర్ కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. నా క్లాసులో లిఫ్టు ఎక్కని పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు. తేలిపోయే వ్యోమగాములను ఫోన్లో చూపిస్తే, ఇది మాకు తెలుసు మేడం అంటారు. నా గదిలో అద్దం బిళ్లలాంటి బరువు మిషన్ ఉంది. పొద్దున్నే దాని మీద ఎక్కి, అంకె చూసి, ఎవరికీ చెప్పకుండా దిగి, అన్నం తగ్గిస్తాను. అప్పుడు నా బరువు ఊరందరి సంగతి. బస్సు కండక్టరుకు కూడా తెలుసు. ఇప్పుడది నాకూ మిషన్‌కూ మధ్య గుట్టు. అప్పట్లో సిగ్గుతో చచ్చిపోయాను గానీ, నన్ను ఎత్తి చూసే మనిషి లేకపోవడం ఇంత బోసిగా ఉంటుందని అనుకోలేదు.

ఆ తూకం రోజు హాలియా బెల్లం దుకాణం ముందు మూడు కాళ్ల మీద నిలిపిన దూలానికి పెద్ద తరాజు కట్టారు. జాతర రోజులు కాబట్టి మా ముందు ఇద్దరు ముగ్గురు తూగి దిగారు. నన్ను చెక్క పళ్లెంలో బాసింపట్టు వేయించి కూర్చోబెట్టారు. కుంటుకుంటూ వచ్చిన నన్ను చూసి, "గీ బిడ్డకేనా బాగైందని మొక్కు?" అన్నాడు దుకాణం సేటు అనుమానంగా. అవతలి పళ్లెంలో ముద్దలు పడుతున్నాయి. ఒక్కో ముద్దకు బాపు గుటక మింగుతున్నాడు. చివరికి నా పళ్లెం నేలను వదిలి, ఊగి, కాడ సమానమై నిలిచింది. "సరిపోయిందమ్మా" అన్నాడు సేటు.

అవ్వ మాత్రం కదల్లేదు. గాల్లో వేలాడుతున్న నా దగ్గరికి వచ్చి, తాడు పట్టుకొని నిలబడింది.

"బిడ్డా, ఒక్కటడుగుత. నిజం చెప్పాలె. గా పొద్దు నిన్నెత్తుకొని డబ్బ ఎక్కిన. తలుపు పడంగనే నువ్వు నా చేతులల్ల బరువెక్కినవ్. గొర్రె ప్రాణం పొయ్యేటప్పుడు చేతులల్ల గట్లనే బరువెక్కుతది. పోరి పోతాందనుకున్న. అప్పుడు మొక్కిన తల్లికి. మొక్కంగనే అలకనైనవ్. గప్పటి సంది నాకు కండ్లు మూస్తె గదే బరువు. మల్ల ఎక్కుతున్నదా అని రోజు ఎత్తి చూస్తున్న. ఇంతకు గది... డబ్బ బరువేనా?"

ఏడాదిన్నర నలుగురిలో నవ్వులపాలైన కోపమంతా నాలో ఎక్కడికి పోయిందో తెలియదు.

"డబ్బ బరువే అవ్వా. బాపునెత్తుకున్నా గంతే అయ్యేటోడు."

"గట్లయితె గా పొద్దు నువ్వు సస్తలేవు?"

"లేదవ్వా. జరమొచ్చింది. గంతే."

అవ్వ బెల్లం బస్తా మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని, దుకాణమంతా వినబడేటట్టు ఏడ్చింది. ధరకు ఏడుస్తోందనుకొని సేటు, "నీకాడ ఎక్కువేం తీస్కుంటలేనమ్మా" అని గాబరాపడ్డాడు. నేను పళ్లెంలోంచి దిగబోతే తరాజు ఊగింది, వద్దని అమ్మ నన్ను పట్టుకొని తనూ ఏడ్చింది. బాపు ముద్దల వైపోసారి, అవ్వ వైపోసారి చూశాడు.

"అంటె అమ్మా, నువ్వు ఉత్తగనే మొక్కినవన్నట్టా?" అన్నాడు మెల్లగా.

అవ్వ ముక్కు తుడుచుకొని లేచింది.

"నోర్మూసుకోర. బతికితె ఇస్తనన్న, బతికింది. అండ్ల కూసోని ఊగుతాంది, కనవడ్తలేదా?" అని సేటు వైపు తిరిగింది. "ఇంకో ముద్ద వెయ్యి సేటూ. నా మనుమరాలు అసలు సావుదాకనే పోలేదంట."